ఓడ ఇసకలో కనిపించిన రాత్రి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఓడ పేరు రాశారు గానీ అది నేనే తీసేశాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆమెకు 31 ఏళ్ళు. డిగ్రీ చదివారు, ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెబుతారు. ఒకటో తరగతి చదివే బాబు ఉన్నాడు. భర్త ఒక ప్రొడక్ట్ ట్యాంకర్ మీద పంప్‌మ్యాన్. డీజిల్, పెట్రోల్, నాఫ్తా లాంటివి మోసే ఓడలో పంపులు, వాల్వులు చూసుకునే పని. ఇది నాలుగో కాంట్రాక్ట్, గత మూడూ ఇదే కంపెనీలో. మామగారు లేరు. అత్తగారికి రెండేళ్ళ కిందట గుండెలో స్టెంట్ వేశారు.

నిరుడు మరిది ఆమె ఫోన్‌లో ఓడలను చూపించే యాప్ వేసిచ్చాడు. మొదట్లో అది సరదా. సాయంత్రం దీపం పెట్టాక అత్త, కోడలు, మనవడు మంచం మీద చేరి "నాన్న ఓడ" వెతికేవారు. సింగపూర్ ఎక్కడుందో, మలక్కా జలసంధి ఎంత ఇరుకో బాబుకి అలాగే తెలిసింది. ఆ మ్యాప్‌లో ట్యాంకర్లన్నీ ఎర్ర బాణాలు. అత్తగారికి మాత్రం ఆ ఎరుపు మొదటినుంచీ గిట్టలేదట.

ఈసారి గుజరాత్‌లోని సిక్కాలో డీజిల్ నింపుకుని రోటర్‌డామ్ బయల్దేరుతున్నామని, ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తామని, నెల పైనే పడుతుందని భర్త చెప్పారు. తీరం దాటాక ఓడ కనబడలేదు. ఆరో రోజు రాత్రి జిబూటీ పక్కన తేలింది. ఆఫ్రికా చుట్టూ తిరగాల్సిన ఓడకు ఎర్రసముద్రం గుమ్మంలో పనేమిటి? గమ్యం అని ఉండేచోట ఊరి పేరు కూడా లేదు. 'ఆర్మ్‌డ్ గార్డ్ ఆన్ బోర్డ్' అని ఉంది. తుపాకులున్న కాపలావాళ్ళు ఓడలో ఉన్నారని అర్థం. ఆ తర్వాత మూడు రోజులు బాణం లేదు, ఫోన్ లేదు, మెసేజ్ లేదు. నావికుల భార్యల వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి "ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అని అడిగితే, ఒకావిడ "హైజాక్ అయిందేమో కనుక్కోండి" అని రాసిందట.

నాలుగో రాత్రి రెండు గంటలకు బాణం మళ్ళీ కనిపించింది. నీళ్ళలో మాత్రం లేదు. సౌదీలో జెద్దా దగ్గర నేల మీద, విమానాశ్రయం పక్కన ఇసకలో ఉంది. పక్క మంచం మీద అత్తగారు లేచి ఫోన్‌లోకి తొంగిచూసి, "ఓడ గట్టు మీదకెక్కిపోనాదేటే?" అన్నారు. "పోర్టులో కట్టేశారత్తా, గట్టెక్కేశారు, పడుకో" అని చెప్పి ఈమె బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చారు.

రెండు రోజుల తర్వాత సూయెజ్ దగ్గరి నుంచి భర్త ఫోన్ చేశారు. "ఏం లేదు, నెట్ పనిచేయలేదు." ఎర్రసముద్రం సంగతి అడిగితే ముందు దాటవేశారు, తర్వాత చిరాకుపడ్డారు. "నా మీద సీసీ కెమెరా పెట్టినట్టుంది. ముందా యాప్ తీసెయ్" అని పెట్టేశారు. నాలుగు రోజులుగా మాటల్లేవు. ఓడ మధ్యధరా సముద్రంలో ఉంది.

ఆమె అడిగినవి రెండు. మరిది శాటిలైట్ ప్లాన్ కొందామంటున్నాడు, దానితో ఎక్కడున్నా కనబడుతుందట, కొనాలా? "ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు అబద్ధం చెప్పని మనిషి ఆఫ్రికా మీదుగా వెళ్తున్నామని ఎలా చెప్పగలిగాడు, ఇక ఏ మాట నమ్మాలి?" ఉత్తరం చివర, సంతకం కింద, చిన్న అక్షరాలతో ఇంకో ముక్క ఉంది: "అత్తకి నేను చెప్పింది నిజం కాదని ఇప్పటికీ చెప్పలేదు."

అమ్మా, మీ ఉత్తరం చదవగానే నేను చేసిన మొదటి పని వింటే మీకు నవ్వొస్తుందేమో. ఆ 'ఆర్మ్‌డ్ గార్డ్ ఆన్ బోర్డ్' అన్న మాటను కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి అక్షరాలు లెక్కపెట్టాను. మధ్య ఖాళీలతో కలిపి సరిగ్గా 20 వచ్చాయి. ఓడ పంపే సమాచారంలో గమ్యం రాసే గడికి 20 అక్షరాలకే చోటు. అంటే బ్రిడ్జి మీద, అదే ఓడను నడిపే గదిలో, ఎవరో ఆఫీసర్ ఆ గడిలో పట్టేటట్టు ఆ మాటను చేత్తో కొట్టారన్నమాట. చిన్న పడవల్లో వచ్చి ఎక్కేవాళ్ళు, ఒడ్డు నుంచి గురి చూసేవాళ్ళు చదువుతారని కొట్టారు. ఎర్రసముద్రంలో, ఏడెన్ సింధుశాఖలో వెళ్ళే ఓడలు కొన్నేళ్ళుగా ఇలా రాస్తున్నాయి. కొన్ని 'అందరూ చైనావాళ్ళే' అని రాసుకుంటాయి, కొన్ని 'ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు' అని. మన గేటుకి 'కుక్క ఉంది జాగ్రత్త' అని బోర్డు పెడతాం చూడండి, అలాంటిది. కుక్క ఉన్న ఇళ్ళూ ఉంటాయి, బోర్డు మాత్రమే ఉన్న ఇళ్ళూ ఉంటాయి. దారిన పోయే దొంగ కోసం పెట్టిన బోర్డు చదివి ఇంట్లోవాళ్ళే హడలిపోతే ఎలా ఉంటుందో, ఆ రాత్రి మీకు జరిగింది అదే.

మీ ఫోన్‌లో కదిలే ఆ బాణం అసలేమిటో కొంచెం వివరంగా చెబుతాను. ఇది తెలియకుండా మీ రెండు ప్రశ్నల్లో దేనికీ జవాబు చెప్పలేను.

దాని పేరు ఏఐఎస్. రాత్రిపూట, పొగమంచులో ఎదురెదురుగా వచ్చే ఓడలు గుద్దుకోకుండా పెట్టిన రేడియో పెట్టె. దేశాల మధ్య తిరిగే, 300 గ్రాస్ టన్నేజీ (ఓడ పరిమాణానికి కొలత), ఆపైన ఉన్న ప్రతి ఓడకూ 2004 చివరికల్లా తప్పనిసరి చేశారు. ఓడ నడుస్తుంటే రెండు నుంచి పది సెకన్లకోసారి, లంగరు వేశాక మూడు నిమిషాలకోసారి "నేను ఫలానా, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను" అని తనంతట తానే అరుస్తూ ఉంటుంది. స్థానం, వేగం, దిశ పరికరాల నుంచి వస్తాయి. గమ్యం, ఎప్పుడు చేరుతుంది, ఓడ నీళ్ళలో ఎంత లోతు మునిగింది, నడుస్తోందా లంగరేసిందా అన్నవి మనిషి చేత్తో నింపాలి. డ్యూటీ మారే హడావిడిలో మార్చడం మర్చిపోయే ఆఫీసర్లు బోలెడు. లంగరేసిన ఓడ 13 నాట్ల వేగంతో పోతున్నట్టు కనబడితే దయ్యం పట్టిందని అనుకోకండి.

ఆ అరుపు వీహెచ్ఎఫ్ రేడియో మీద వెళుతుంది. గాలిలో తిన్నగా పోతుంది, భూమి వంపు దాటి వంగదు. ఒడ్డున ఉన్న యాంటెన్నాకు 40 నాటికల్ మైళ్ళ దాకా, టవర్ ఎత్తుగా ఉంటే ఇంకొంచెం దూరం అందుతుంది. ఇలాంటి యాంటెన్నాలను చాలాచోట్ల ఆసక్తి ఉన్న మామూలు మనుషులే మేడల మీద పెట్టుకుని, అందిన సమాచారాన్ని యాప్‌లకు పంపుతుంటారు. బారువ ఒడ్డున మీరొకటి పెట్టుకుంటే అటు పోయే ఓడలు మీకే వినబడతాయి. అరేబియా సముద్రం నడుమ యాంటెన్నా పెట్టేవాడు లేడు. కాబట్టి సిక్కా దాటాక ఐదు రోజులు ఓడ కనబడకపోవడంలో వింతేమీ లేదు. అక్కడ వినేవాళ్ళు లేరు, అంతే.

జిబూటీ తర్వాతి మూడు రోజుల సంగతి వేరు. అక్కడ రెండు వైపులా ఒడ్డు దగ్గరే, వినే యాంటెన్నాలు ఉంటాయి. నాకు తోస్తున్నది, కెప్టెనే ఆ పెట్టెను ఆపి ఉంటాడని. నడుపుతూ ఉంటే ఓడకే ప్రమాదం అనిపిస్తే దాన్ని కట్టేసే అధికారం కెప్టెన్‌కు ఉంది. లాగ్‌బుక్‌లో కారణం రాయాలి, ప్రమాదం దాటాక మళ్ళీ వేయాలి. 2023 నవంబర్‌లో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే ఓడ మీదికి హెలికాప్టర్‌లో దిగి పట్టుకెళ్ళాక, ఆ దారిన పోయే చాలామంది కెప్టెన్లు ఈ పని చేశారు. ఎర్ర బాణం మీకు కనబడితే గురి చూసేవాడికీ కనబడుతుంది కదా. ఆ మూడు రోజులు మీకు నరకమే, కాదనను. కానీ మీ ఆయన దాక్కున్నందువల్లే మీకు కనబడలేదు.

ఇక ఇసక. ఏఐఎస్‌కు సొంతంగా ఏమీ తెలియదు, జీపీఎస్ చెప్పిందే చెబుతుంది. గొడవలున్న ప్రాంతాల్లో ఒడ్డు నుంచి దొంగ సంకేతాలు వదిలి జీపీఎస్‌ను చెడగొడుతుంటారు. అప్పుడు ఓడ నీళ్ళలోనే ఉంటుంది, దాని బొమ్మ మాత్రం విమానాశ్రయంలోనో ఎడారిలోనో తేలుతుంది. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ కొట్టుకున్న రోజుల్లో హార్ముజ్ జలసంధి దగ్గర వందల ఓడల బొమ్మలు ఇలాగే చెదిరాయి. అంతకు నెల ముందు జెద్దా దగ్గర ఒక కంటెయినర్ ఓడ నిజంగానే మెరక తగిలి ఆగింది, జీపీఎస్ చెడగొట్టడమే కారణమని ఆ రంగంవాళ్ళు అనుమానించారు. కాబట్టి ఇది ఉత్త బొమ్మల గొడవ అని కొట్టిపారేయను. కాకపోతే బ్రిడ్జి మీద జీపీఎస్ ఒక్కటే ఉండదు. రాడార్ ఉంటుంది, కిటికీలోంచి చూసే కళ్ళుంటాయి.

భయమంతా ఉత్తిదే, దేవుడి మీద భారం వేయండి అని చెప్పి తప్పించుకోను. 2024 జనవరి 26న, మనం జెండా వందనం చేసుకున్న రోజున, ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు క్షిపణి తగిలి మంటలు లేచాయి. నాఫ్తా మోస్తున్న ఓడ. సిబ్బందిలో 22 మంది మనవాళ్ళు, ఒకరు బంగ్లాదేశ్ అతను. కబురు అందుకుని వెళ్ళిన మన నావికాదళం ఓడ పేరు ఐఎన్ఎస్ విశాఖపట్నం. దాని మంటలార్పే బృందం ట్యాంకర్ ఎక్కి పనిచేసింది, మంటలు ఆరాయి, అందరూ బతికారు. ఈ కథలో మీకు పనికొచ్చేది ఒకటుంది. అలాంటి చోట్ల ఓడను కనిపెట్టి చూసేవాళ్ళు యాప్ మీద ఆధారపడి ఉండరు. ప్రతి ఓడా రోజూ మధ్యాహ్నం కంపెనీకి నూన్ రిపోర్ట్ పంపుతుంది, స్థానం, వేగం, మిగిలిన ఇంధనం రాసి. ఎల్ఆర్ఐటీ అని ఇంకో ఏర్పాటు ఉంది, అది మామూలుగా ఆరు గంటలకోసారి ఏ దేశం జెండా మీద ఓడ నడుస్తోందో ఆ ప్రభుత్వానికి స్థానం పంపుతుంది, మనబోటి వాళ్ళకు కనబడదు. ఆ దారిన పోయే ఓడలు యూకేఎంటీఓ అనే బ్రిటిష్ నావికా కేంద్రానికి కబురు చేస్తూ వెళతాయి. గురుగ్రామ్‌లో మన నావికాదళానికి 2018 నుంచి హిందూ మహాసముద్రంలో ఓడల రాకపోకలు కనిపెట్టే కేంద్రం ఉంది. మీ ఫోన్‌లో లేదంటే లోకంలో ఎవరికీ తెలియదని కాదు.

శాటిలైట్ ప్లాన్ సంగతికి వస్తాను. కొంటే నడిసముద్రంలోనూ బాణం కనబడుతుంది, అది నిజం. సిక్కా తర్వాతి ఐదు రోజుల లాంటి ఖాళీలు పోతాయి. పెట్టె కట్టేసిన మూడు రోజులు మాత్రం శాటిలైట్‌కూ కనబడవు, మాట్లాడనివాడి మాట ఆకాశం నుంచి విన్నా వినబడదు. జీపీఎస్ చెడితే శాటిలైట్ కూడా ఇసకలోనే చూపిస్తుంది. అంటే ఇప్పుడు మీకున్న ఖాళీల్లో ప్రమాదం లేనివన్నీ పోయి, భయపెట్టేవి మాత్రం మిగులుతాయి. "వేలు పోసి కొన్నా కనబడట్లేదంటే ఏదో అయింది" అనిపిస్తుంది. నేనైతే కొనను. మీరు కొనాలనుకుంటే ఒక్క నెలకే కొని చూడండి, ఏడాదికి ఒకేసారి కట్టేయకండి.

యాప్ పూర్తిగా తీసేయడం ఇంకో దారి. కొందరికి హాయిగా ఉంటుంది. మీకు ఉంటుందా అన్నది నాకు అనుమానం. యాప్ తీసినా వాట్సాప్ గ్రూపు ఉంటుంది, మరిది ఫోన్ ఉంటుంది, రాత్రి రెండింటికి మెలకువ ఉంటుంది. కళ్ళతో చూసే ఖాళీ పోయి ఊహించుకునే ఖాళీ వస్తుంది. పైగా బాబుకి అదొక ఆట, వాళ్ళ నాన్నతో ఉన్న కాస్త సంబంధం. మధ్యదారి ఉంది, కష్టమైనదే: రోజుకి ఒక్కసారి, సాయంత్రం దీపం పెట్టాక, ముగ్గురూ కూర్చున్నప్పుడే చూడటం. చూసినప్పుడు బాణం ఎక్కడుందన్నది తర్వాత, అది ఎప్పటిదన్నది ముందు చదవండి. 'మూడు రోజుల కిందట అందింది' అని ఉంటే మీరు చూస్తున్నది మూడు రోజుల నాటి ఫోటో. రాత్రి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టండి. ఆయన ఒక్కరి కాల్‌కి వేరే రింగ్‌టోన్ పెట్టుకుంటే అక్కడి నుంచీ వినబడుతుంది. ఇలా నెల గడిచినా రెండింటి మెలకువ పోకపోతే డాక్టర్‌కి చూపించుకోండి, అత్తగారిని తీసుకెళ్ళే రోజునే మీరూ చూపించుకోవచ్చు.

ఇప్పుడు అసలు గాయం దగ్గరకు వద్దాం. ఆయన ఎందుకు అలా చెప్పారు?

నాకు తెలియదు, మీకూ తెలియదు. కానీ మూడు రకాలుగా జరిగి ఉండొచ్చు, మూడింటికీ మీ కోపం ఒకేలా ఉండకూడదు. ఒకటి, ఆయన చెప్పిన రోజున అదే నిజం కావచ్చు. ట్యాంకర్లకు దారి మధ్యలో ఆర్డర్లు మారడం మామూలు, సరుకు బుక్ చేసినవాళ్ళు ఎటు పొమ్మంటే అటు. కేప్ మీదుగా, అంటే ఆఫ్రికా చుట్టూ అయితే రెండు వారాలు అటూఇటుగా ఎక్కువ, ఆ ఇంధనం ఖర్చు చిన్నది కాదు. రెండు, దారి గురించి ఇంట్లో చెప్పవద్దని ఓడలో గట్టిగా చెప్పి ఉండొచ్చు. ఇక మూడోది మీకు నచ్చదు. అంతర్జాతీయ యూనియన్ల ఒప్పందం కింద నడిచే ఓడల్లో, ఎర్రసముద్రం దక్షిణ భాగం లాంటి ప్రమాదపు ప్రాంతానికి వెళ్ళేముందు నావికుడికి "నేను రాను" అనే హక్కుంది. రానంటే కంపెనీ ఖర్చుతో ఇంటికి పంపాలి. వస్తానంటే ఆ రోజులకు బేసిక్ జీతం అంత బోనస్ ఇస్తారు. మీ ఆయన ఓడకు ఆ ఒప్పందం ఉందో లేదో కాంట్రాక్ట్ కాగితం చూస్తే తెలుస్తుంది. ఉంటే, ఆయనను అడిగి ఉంటారు, ఆయన సరే అని ఉంటారు. ఇంటి లోన్ కోసమో, స్టెంట్ అప్పు కోసమో, పక్కవాళ్ళందరూ సంతకం పెడుతుంటే తానొక్కడే వెనక్కి తగ్గలేకో.

మా అన్నయ్య సంగతి ఒకటి చెప్పాలి. ఇరాన్, ఇరాక్ యుద్ధంలో ట్యాంకర్ల మీద బాంబులేసే రోజులు. 1987లో ఆయన ఒక ట్యాంకర్‌లో థర్డ్ ఇంజనీర్‌గా ఇరాన్‌లోని ఖర్గ్ దీవికి క్రూడ్ కోసం వెళ్ళాడు. మాకు యాప్ లేదు, ఫోన్ కూడా లేదు. పొద్దున్నే రేడియోలో వార్తలు, ఇరవై రోజులకో ఉత్తరం. ఉత్తరాల్లో యుద్ధం అన్న మాటే ఉండేది కాదు. ఎండ ఎక్కువగా ఉంది, భోజనం బాగుంది, కుక్ గోవా అతను, చేపల కూర అద్భుతం అని రాసేవాడు. చాలా ఏళ్ళ తర్వాత మా ఇంట్లో ఒక పెళ్ళిలో, బంతిలో కూర్చుని, ఆ రోజుల్లో కేబిన్లలో పడుకోకుండా లైఫ్ జాకెట్లు తల కింద పెట్టుకుని నడవాలో పడుకునేవాళ్ళమని చెప్పాడు. వడ్డిస్తున్న మా అమ్మ ఆగి, "నాకు అప్పుడే తెలుసురా. పుట్టి బుద్ధెరిగాక నువ్వు తిండి బాగుందన్నది ఎప్పుడు?" అంది. అన్నయ్య తల ఎత్తలేదు. అప్పటి ఆడవాళ్ళు తక్కువ బాధపడ్డారని చెప్పడానికి ఇది రాయట్లేదు. అమ్మకు తెలుసన్న సంగతి అన్నయ్యకు తెలిసి ఉంటే ఆ నాలుగు నెలలు ఇద్దరికీ కాస్త తేలికగా గడిచేవేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

మీ ఇంట్లోనూ ఆ రాత్రి ఇలాంటి మాటలే రెండు నడిచాయి. "ఆఫ్రికా చుట్టూ వెళ్తున్నాం" అని ఆయన మీతో. "పోర్టులో కట్టేశారు, గట్టెక్కేశారు" అని మీరు మీ అత్తగారితో. రెండింటికీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. మీరు ఒక రాత్రి నిద్ర కోసం చెప్పారు, ఆయన ఒక నిర్ణయాన్నే దాచి ఉండొచ్చు. ఆ నిర్ణయంలో మీకు భాగం ఉంది, అడిగే హక్కుంది. కానీ ఎందుకు చెప్పాడు అన్న ప్రశ్నకు సగం జవాబు మీ దగ్గరే ఉంది.

ఎప్పుడు అడగాలన్నది చాలా ముఖ్యం. ఓడ రోటర్‌డామ్ చేరగానే నెట్ బాగుంటుంది, ఆయన ఖాళీగా ఉంటారని మీకనిపిస్తుంది. పంప్‌మ్యాన్‌కు ఊపిరాడని రోజులు అవే. డీజిల్ దించే ఆ ఒకటిన్నర రోజు పంపుల దగ్గర, డెక్ మీద ఆయన పరుగులే. అప్పుడు ఫోన్‌లో ఈ మాట ఎత్తితే మళ్ళీ "యాప్ తీసెయ్" అనే వస్తుంది. వాయిస్ మెసేజ్ పెట్టండి, తీరిక దొరికినప్పుడు విని, తీరిగ్గా జవాబిస్తారు. "అబద్ధం ఎందుకు చెప్పావు" అని మొదలుపెడితే ఆయన లాయర్ అయిపోతాడు. ఆ రాత్రి అత్త ఏమన్నదో, మీరు ఏం చెప్పారో, కుళాయి ఎందుకు తిప్పుకున్నారో చెప్పండి. అది చాలు.

తర్వాత ఇద్దరూ ఒక ఒప్పందానికి రావచ్చు. దారి చెప్పనక్కర్లేదు, ఓడ భద్రతకు అదే మంచిది. వెళ్ళే ముందు "నాలుగు రోజులు దొరకను" అన్న ఒక్క మెసేజ్ చాలు. దాటాక "దొరికాను" అని ఇంకొకటి. అందుకు బదులుగా మీరు కూడా ఒకటి ఇవ్వాలి, అది తేలిక కాదు: స్క్రీన్‌షాట్లు గ్రూపుల్లో పెట్టకపోవడం. కెప్టెన్ పెట్టె కట్టేసి దాస్తున్న ఓడ పేరు, ఆఖరిగా కనిపించిన చోటు, సిబ్బందిలో ఒకరి భార్య ఫోన్ నంబర్‌తో సహా రెండొందల మంది ఉన్న గ్రూపులో పడ్డాయి. మీ ఉత్తరంలో ఓడ పేరు నేను కొట్టేసింది ఇందుకే. ఆయన ఈ ఒప్పందానికి కూడా రాకపోతే, మళ్ళీ "ఏం లేదు" అనే అంటే, కాంట్రాక్ట్ అయ్యి ఇంటికొచ్చాక, తర్వాతి ఓడకు సంతకం పెట్టేముందు, ఎదురుగా కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి అవుతుంది. ఇక ఎర్రసముద్రం దారి వద్దని మీరు అడగొచ్చు. దానివల్ల తగ్గే జీతమెంత, దొరక్కుండా పోయే ఓడలెన్ని అన్నవి కూడా అప్పుడే లెక్క వేసుకోవాలి.

ఇక్కడ ఇంకో రకం ఇళ్ళ గురించి ఒక మాట, ఇది మీకు కాదు. ఓడ వారాల తరబడి పదే పదే మాయమవుతుంటే, పేరో జెండానో మారుతుంటే, జీతం ఆలస్యమవుతుంటే అది కెప్టెన్ జాగ్రత్త కాకపోవచ్చు. ఆంక్షలున్న చమురు మోసే ముసలి ట్యాంకర్లు ఇలాగే తిరుగుతాయి. పేరు ఎన్నిసార్లు మార్చినా ఓడ ఐఎంఓ నంబర్ మారదు, దాన్ని పట్టుకుని వెతకండి. ఏజెంటుకు డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ) ఇచ్చే, నావికులను ఉద్యోగాల్లో పెట్టడానికి ఉండాల్సిన ఆర్‌పీఎస్ఎల్ లైసెన్స్ ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. 2024లో యజమానులు గాలికొదిలేసిన నావికుల్లో, దేశాలవారీగా చూస్తే, మనవాళ్ళే అందరికంటే ఎక్కువ.

మీరు ఈ వారం చేయాల్సిన చిన్న పని ఒకటుంది. ప్రతి కంపెనీలోనూ ఓడ భద్రత కోసం ఒడ్డున ఒక బాధ్యుణ్ణి పెట్టాలని నియమం, డీపీఏ అంటారు. ఆ నంబర్, ఏజెంటు నంబర్, ముంబైలో డీజీ షిప్పింగ్ 24 గంటల కేంద్రం నంబర్, ఆయన పాస్‌పోర్ట్, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), కాంట్రాక్ట్ జిరాక్సులు ఒక కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. మళ్ళీ రాత్రి రెండింటికి గుండె ఆగినంత పనైతే గ్రూపుకి కాకుండా వాళ్ళకు ఫోన్ చేస్తారు. రోజూ చేయకండి, చిరాకుపడతారు. ఆయన చెప్పిన గడువు దాటి ఒక రోజు గడిస్తే మాత్రం మొహమాటపడకండి.

మిగిలింది అత్తగారు. చెప్పకుండా వదిలేయొచ్చు. ఓడ ఎలాగూ దాటేసింది, స్టెంట్ వేసిన గుండె, ఎందుకు కదపడం అనుకోవచ్చు. అలా వదిలేస్తే మీరు చెప్పే ఊరి పేర్లను ఆమె ఇకముందు కూడా నమ్ముతారు, మీరు కూడా ప్రతి సాయంత్రం ఏదో ఒక ఊరి పేరు సిద్ధం చేసుకోవాల్సి వస్తుంది. చెబితే ఒక రోజు అలుగుతారు, బీపీ మాత్ర వేసుకున్నారో లేదో ఆ రోజు రెండుసార్లు చూడండి. అసలు ఆమె ఆ రాత్రి నమ్మారని మీరెందుకు అనుకుంటున్నారు? నలభై ఏళ్ళు సముద్రం పక్క ఊళ్ళో కాపురం చేసిన మనిషి. ఇసకలో ఓడను చూసి పోర్టంటే నమ్మి ఉంటారా? రేపు సాయంత్రం బాణం కనబడకపోతే, "ఎక్కడున్నాడే?" అని ఆమె అడిగినప్పుడు, "ఇవాళ తెలీలేదత్తా" అని చెప్పి చూడండి. ఏమన్నారో నాకు రాయండి.